వెనక ఎయిర్ షాక్ మార్చాలా, ఉన్నదాన్నే దారికి తెచ్చుకోవాలా? (140 ఎంఎం ట్రైల్ బైక్)

గుట్టదిగుడు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

నాది కొండదారుల్లో తొక్కే ట్రైల్ సైకిల్. వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదిలే దూరం, 140 ఎంఎం. షాక్ 210×50 (పొడవు 210 ఎంఎం, స్ట్రోక్ అంటే ముడుచుకునే దూరం 50 ఎంఎం), పక్కన ట్యాంకు లేని మామూలు ఎయిర్ షాక్. బైక్‌తో పాటు వచ్చిందే, రెండేళ్ళు దాటింది. నా బరువు బ్యాగు, హెల్మెట్‌తో కలిపి 82 కిలోలు.

చిన్న చిన్న రాళ్ళు వరసగా ఉన్నచోట వెనక చక్రం టకటకా కొడుతుంది, కిందికి దిగేసరికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. సరే, గట్టిగా ఉందేమో అనుకుంటే, మోకాలెత్తు గట్టు మీంచి దూకినప్పుడు అడుగుదాకా వెళ్ళి ఠంగుమంటుంది. ఒకే షాక్ గట్టిగానూ మెత్తగానూ ఎలా ఉంటుందో నాకు అంతుపట్టడం లేదు.

తెలిసినాయన దగ్గర వాడిన 210×55 షాక్ ఉంది, పక్కన పిగ్గీబ్యాక్ ట్యాంకు ఉన్నది. పొడవు అదే, స్ట్రోక్ 5 ఎంఎం ఎక్కువ. అంటే ట్రావెల్ కూడా పెరుగుతుంది కదా? కొనేయనా?

రాళ్ళబాట

కొనేయ్ బ్రో, ఆలోచించకు. బైక్‌తో వచ్చే చిన్న షాకులన్నీ ఇంతే. ట్యాంకు ఉన్న షాక్‌లో నూనె ఎక్కువ ఉంటుంది, పెద్ద దిగుడులో తొందరగా వేడెక్కదు. నేను మార్చిన రోజే తేడా తెలిసింది. సర్వీసులూ సెట్టింగులూ అంటూ నెలలు గడిపేకన్నా ఒకేసారి మార్చి హాయిగా తొక్కుకో.

పాతషాకు

ఆగు తమ్ముడూ. రోగం తెలియకుండా మందు కొనకు. ముందు ఇవి చెప్పు. షాక్‌లో గాలి ఎంత పెట్టావు? సాగ్ (నువ్వు ఎక్కితే నీ బరువుకే షాక్ ముడుచుకునే దూరం) ఎంత? రీబౌండ్ నాబ్ (ముడుచుకున్న షాక్ తిరిగి తెరుచుకునే వేగాన్ని మార్చేది) ఎక్కడుంది? లోపల స్పేసర్లు (గాలి గదిలో చోటు తగ్గించే ముక్కలు) ఎన్ని? చివరగా సర్వీస్ ఎప్పుడు చేయించావు?

గుట్టదిగుడు

గాలి 190 పీఎస్‌ఐ. సాగ్ 10 ఎంఎం, అంటే 20 శాతం. రీబౌండ్ దాదాపు పూర్తిగా బిగించి ఉంది. వెనకనుంచి తన్నినట్టు ఉంటుందని మొదట్లోనే నెమ్మది చేశాను, మళ్ళీ ముట్టుకోలేదు. స్పేసర్ల సంగతి తెలియదు.

సర్వీసా? షాక్‌కి కూడా చేయించాలా?

పాతషాకు

అదీ సంగతి.

సాగ్ కొలిచినప్పుడు షాక్ మీది లివర్ ఎక్కడుంది? పూర్తిగా తెరిచి ఉందా?

గుట్టదిగుడు

ఇప్పుడే వెళ్ళి చూశాను. మధ్యలో ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెట్టుకునే చోట. ఎప్పుడు పెట్టానో గుర్తు కూడా లేదు.

గాలిపంపు

😂 సిగ్గుపడకు బాసూ, మేమందరం ఈ తప్పు చేసినవాళ్ళమే.

పాతషాకు

లివర్ మధ్యలో ఉంటే నూనె దారి సగం మూసినట్టే. అలా కొలిచిన సాగ్ లెక్కలోకి రాదు.

లివర్ తెరువు. తొక్కేటప్పుడు ఉండే బరువంతా వేసుకో. గోడ పట్టుకుని పెడళ్ళ మీద నిలబడి నాలుగైదుసార్లు కిందికీ పైకీ ఊపు. తర్వాత కదలకుండా ఉండి, షాక్ కడ్డీ మీది రబ్బరు రింగును సీల్ దాకా జరుపు. మెల్లగా, కుదుపు లేకుండా దిగు. రింగు ఎంత దూరం వెళ్ళిందో కొలువు. నీ స్ట్రోక్ 50 ఎంఎం కాబట్టి 25 శాతం అంటే 12.5, 30 శాతం అంటే 15. ట్రైల్ బైక్‌కి ఆ రెంటి మధ్య ఉండాలి.

ఇక రీబౌండ్. నీ కథంతా అక్కడే ఉందని నా అనుమానం. వరసగా పది రాళ్ళు తగిలాయనుకో. మొదటి రాయికి షాక్ ముడుచుకుంటుంది, రీబౌండ్ బిగించి ఉంటే పూర్తిగా తెరుచుకునేలోపే రెండో రాయి తగులుతుంది. ఇంకాస్త ముడుచుకుంటుంది. మూడు, నాలుగు... ఐదో రాయికల్లా షాక్ సగం స్ట్రోక్ దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అక్కడ గాలి ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి నీకు గట్టిగా అనిపిస్తుంది. అదే స్థితిలో గట్టు మీంచి దూకితే మిగిలింది సగమే, అది కాస్తా అయిపోయి ఠంగు! నువ్వు రెండు రోగాలనుకుంటున్నావు, ఒకటే.

గుట్టదిగుడు

అన్నా, ఇది ఎవరూ చెప్పలేదు నాకు.

మళ్ళీ కొలిచాను. లివర్ తెరిస్తే 16 ఎంఎం. 32 శాతం!

నేలబారు

పాతషాకు గారు చెప్పినదానికి నేనేమీ కలపను. 210×55 గురించి మాత్రం రాళ్ళబాట గారితో విభేదిస్తాను.

140ని 50తో భాగిస్తే 2.8. షాక్ ఒక ఎంఎం ముడుచుకుంటే చక్రం సగటున 2.8 ఎంఎం పైకి లేస్తుందన్నమాట. 55 స్ట్రోక్ వేస్తే ట్రావెల్ 154 దాకా పోతుంది. ఆ అదనపు 14 ఎంఎం ఎక్కడికి వెళ్తుంది? టైరు సీట్ ట్యూబ్‌కి, దించిన సీటుకి అంత దగ్గరవుతుంది. కొన్ని ఫ్రేములు రెండు స్ట్రోకులకీ సరిపోయేలా చేస్తారు, అక్కడ ఇబ్బంది లేదు. మిగతావాటిలో ఫ్రేము భాగాలు ఒకదానికొకటి తగలొచ్చు. అప్పుడు దూకిన బలమంతా షాక్ లోపలి రబ్బరు మీద కాకుండా ఫ్రేము మీద పడుతుంది. ఫ్రేము వారంటీ కూడా పోవచ్చు.

ఊహించనక్కర్లేదు, చూసుకోవచ్చు. షాక్ బిగించి, గాలి మొత్తం తీసి, సీటు పూర్తిగా దించి, వెనక చక్రాన్ని చేత్తో చివరిదాకా పైకి నెట్టండి. టైరు, బోల్టులు, కేబుళ్ళు ఏది ఎక్కడ తగులుతుందో కళ్ళెదుటే తెలుస్తుంది. పిగ్గీబ్యాక్ ట్యాంకు ఫ్రేముకి తగలడం, వాటర్ బాటిల్ పట్టకపోవడం కూడా అప్పుడే బయటపడతాయి.

ఇంకో సంగతి, వాడిన షాక్ కొనేవాళ్ళెవరూ అడగనిది: అది ఏ ఫ్రేము నుంచి తీశారు? లోపలి షిమ్‌లు (నూనె దారిని అదుపుచేసే పల్చటి రేకులు) ఆ ఫ్రేము లివరేజ్‌ని, అంటే పైన లెక్కేసిన 2.8 లాంటి అంకెని బట్టి కడతారు. 2.3 ఉన్న ఫ్రేముకి కట్టిన షాక్ మీ 2.8 ఫ్రేములో నీరసంగా ఉంటుంది. ఫాక్స్ షాకుల మీద నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది, దాన్ని కంపెనీ సైటులో కొడితే ఏ ట్యూన్‌తో వచ్చిందో తెలుస్తుంది.

రాళ్ళబాట

ఒప్పుకుంటున్నా అక్కా, స్ట్రోక్ సంగతి నేను చూడలేదు. కానీ లోపల స్ట్రోక్ తగ్గించే స్పేసర్ (గాలి గదిలో వేసేది కాదు) వేసి 55ని 50 చేయించుకోవచ్చు కదా?

నేలబారు

చాలా మెట్రిక్ షాకుల్లో చేయించుకోవచ్చు. లోపల 2.5 ఎంఎం స్పేసర్లు రెండు వేస్తే 55 కాస్తా 50 అవుతుంది. అయితే ముందే అన్నట్టు, అది సరిపోయే ట్యూన్‌దో కాదో తేలాలి. తేలేదాకా ఆగమనే నా మాట.

రెండోగేరు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నా పాత బైక్ షాక్ మీద 200×57 అని ఉంది. 205×60 వేసుకోవచ్చా? 5 ఎంఎం తేడాయే కదా.

నేలబారు

వద్దు. 200×57, 190×51, 216×63 ఇవన్నీ అంగుళాల లెక్కలోంచి వచ్చిన పాత సైజులు. 2016 నుంచి మెట్రిక్ సైజులు వచ్చాయి: 190, 210, 230 అలా.

బోల్టు నుంచి బోల్టు దాకా పొడవు 5 ఎంఎం పెంచితే, లివరేజ్ 2.8 ఉన్న బైక్‌లో వెనక యాక్సిల్ దగ్గర 14 ఎంఎం తేడా వస్తుంది. బైక్ వెనకవైపు లేస్తుంది, ముందు ఫోర్క్ కోణం అర డిగ్రీకి పైనే నిటారవుతుంది, పెడళ్ళు దాదాపు 9 ఎంఎం ఎత్తుకి వెళ్తాయి. దిగుడులో ముందుకి పడిపోతున్నట్టు ఉంటుంది. దానిమీద 3 ఎంఎం స్ట్రోక్ అదనం, టైరు ఎక్కడ తగులుతుందో తెలియదు.

ట్రనియన్ షాకులు ఇంకో లెక్క. వాటికి ఒకవైపు కన్ను (బోల్టు దూరే రంధ్రం) ఉండదు, బోల్టులు నేరుగా షాక్ పక్కల్లోకి దిగుతాయి. మామూలుదానికన్నా 25 ఎంఎం పొట్టి. 210కి బదులు 185, 230కి బదులు 205. మీరు అడిగిన 205×60 కూడా ట్రనియన్ సైజే. రెండూ ఒకదాని స్థానంలో ఒకటి పట్టవు.

గుట్టదిగుడు

రీబౌండ్ ఐదు క్లిక్కులు వదులు చేసి, గాలి 200 పెట్టి నిన్న అదే దారి తొక్కాను. పాదాల తిమ్మిరి సగం తగ్గింది. నాబ్ తిప్పడానికి రెండేళ్ళు పట్టింది నాకు.

కానీ మొదటి కదలిక మాత్రం ఇంకా మొరాయిస్తోంది. ఆగిన బైక్ మీద సీటు నొక్కితే కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా జారుతుంది.

గాలిపంపు

అది సీళ్ళు ఎండిపోవడం. రెండేళ్ళు సర్వీస్ లేదన్నావుగా. షాకులు చేసే రాక్‌షాక్స్ వాళ్ళు ఎయిర్ క్యాన్‌ని (గాలి ఉండే బయటి గొట్టం) తొక్కిన ప్రతి 50 గంటలకోసారి, లోపలి డ్యాంపర్‌ని (నూనెతో కదలికని అదుపుచేసే భాగం) 200 గంటలకోసారి చూడమంటారు. ఫాక్స్ వాళ్ళు 125 గంటలు లేదా ఏడాదికోసారి అంటారు. నిజం చెప్పాలంటే నేను కూడా 50 గంటలు పాటించను, ఆరునెలలకోసారి తీస్తాను. కానీ రెండేళ్ళు అన్యాయం.

ఎయిర్ క్యాన్ నువ్వే తీయొచ్చు. డ్యాంపర్ జోలికి మాత్రం వెళ్ళకు. అందులో నూనె, దాని వెనక నైట్రోజన్ ఒత్తిడి ఉంటాయి. అది దాని పరికరాలున్నవాళ్ళ పని.

క్యాన్ తీయడంలో ఒక్కటే భయపడాల్సిన చోటు ఉంది. షాక్‌లో గాలి రెండు గదుల్లో ఉంటుంది. నువ్వు పంపుతో నింపేది పాజిటివ్. దానికి ఎదురుగా తోసే చిన్న గది నెగటివ్. రెంటికీ మధ్య గోడలో ఒక చిన్న దారి స్ట్రోక్ మొదట్లోనే ఎదురవుతుంది, అక్కడికి వచ్చినప్పుడే రెండూ సమానమవుతాయి. నేను మొదటిసారి వాల్వు పిన్ను నొక్కి బుస్సుమని ఒక్కసారిగా గాలి వదిలేశాను. పాజిటివ్ ఖాళీ అయింది, నెగటివ్‌లో గాలి అలాగే ఉండిపోయింది. షాక్ తనంతట తానే ముడుచుకుపోయి, ఎంత లాగినా రాలేదు. దానికి తోడు క్యాన్ విప్పబోయాను. పక్కనున్న మిత్రుడు చేయి పట్టుకుని ఆపాడు. అలా ముడుచుకున్న షాక్‌ని విప్పితే లోపలి గాలి క్యాన్‌ని తుపాకీ గుండులా విసురుతుంది. మళ్ళీ గాలి కొట్టి తెరిచి, మొదటినుంచి మొదలుపెట్టాం.

కాబట్టి గాలి కొంచెం కొంచెంగా వదులు, మధ్యమధ్యలో సీటు నొక్కి వదులు. సున్నా అయ్యాక షాక్ దాని పూర్తి పొడవులో ఉందో లేదో చూసి, అప్పుడు విప్పు. పొట్టిగా ఉంటే విప్పకు.

రెండోగేరు

గాలిపంపు గారూ, నా షాక్ పంపు పెట్టి చూసిన ప్రతిసారీ 15 పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. లీకేనా? పంపు విప్పేటప్పుడు బుస్సుమని కూడా వస్తుంది.

గాలిపంపు

లీకు కాదు. పంపు తగిలించగానే షాక్‌లోని గాలి కొంత పంపు గొట్టంలోకి వస్తుంది, అందుకే తక్కువ చూపిస్తుంది. విప్పేటప్పుడు బుస్సుమనేది గొట్టంలోని గాలి, షాక్‌లోది కాదు. కాబట్టి పంపు తగిలించి చూసి "తగ్గింది" అనుకోవడం మానేయ్. కావాల్సినంత పెట్టు, విప్పు, రింగుతో సాగ్ చూసుకో. లీకు ఉంటే రెండు రోజుల్లో సాగ్ చెబుతుంది.

పాతషాకు

ఇంకోటి కలుపుతా. ఖాళీ షాక్‌లో గాలి నింపేటప్పుడు ఒకేసారి 200 కొట్టేయొద్దు. ఓ 50 పెట్టి, సీటు మెల్లగా పదిసార్లు నొక్కి వదలాలి, ఇంకో 50, మళ్ళీ పదిసార్లు. నెగటివ్ గదిలోకి గాలి వెళ్ళే దారి అదొక్కటే. ఇది చేయనివాళ్ళే "కొత్త షాక్ గట్టిగా ఉంది" అని పోస్టులు పెడతారు.

గుట్టదిగుడు

క్యాన్ తీశాను. గాలి తీయడానికే పావుగంట పట్టింది, అంత భయంగా తీశాను. క్యాన్ చేతికి జారుతుంటే పాత ట్యూబు ముక్క చుట్టి తిప్పితే వచ్చింది.

లోపల గ్రీజు అనేదే లేదు, బూడిదరంగు మట్టి లాంటి పూత తప్ప. ఒక సీల్ అంచు నలిగి ఉంది. స్పేసర్లు సున్నా. ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. సీల్ కిట్ కొంటూ చూస్తే, నా షాక్ మోడల్‌కే పెద్ద నెగటివ్ గది ఉన్న ఎయిర్ క్యాన్ దొరుకుతోంది. కొత్త షాక్ బదులు అది వేస్తే లాభం ఉంటుందా? దాంతోనే కొత్త సీళ్ళు కూడా వస్తాయి.

రాళ్ళబాట

ఇది నాకూ నచ్చింది. నేను కొత్త షాక్ అన్నప్పుడు ఈ దారి ఉందని తెలియదు.

నేలబారు

లాభం ఉంటుంది, ఎందుకో తెలుసుకుని వేసుకుంటే నిరాశ ఉండదు.

ఎయిర్ షాక్ మొదటి కదలికని తేలిక చేసేది నెగటివ్ గది. అది చిన్నదైతే షాక్ కొంచెం కదలగానే దాని సాయం అయిపోతుంది. పెద్దదైతే ఇంకాస్త దూరం తోడుంటుంది. ఫాక్స్ వాళ్ళ ఈవోల్ అంటే ఎక్స్‌ట్రా వాల్యూమ్ అనే మాటకి పొట్టిరూపమే. రాక్‌షాక్స్ వాళ్ళు డీలక్స్, సూపర్ డీలక్స్ షాకులకి 2019లో మెగ్‌నెగ్ అని విడిగా క్యాన్ తెచ్చింది కూడా ఇందుకే.

దీనికి ఒక ఫలితం ఉంది. నెగటివ్ పెద్దదైతే అదే గాలికి సాగ్ ఎక్కువ వస్తుంది, కాబట్టి పాత సాగ్ రావాలంటే గాలి పెంచాలి. అది మంచిదే, మధ్య స్ట్రోక్‌లో బైక్ కూలబడకుండా ఆ అదనపు గాలి ఆపుతుంది. పాత అంకె పెట్టేసి "మెత్తగా అయిపోయింది" అనకండి. గాలి పెంచితే తెరుచుకునే వేగం కూడా పెరుగుతుంది, రీబౌండ్ ఒకటి రెండు క్లిక్కులు బిగించుకోవాలి.

అడుగుదాకా వెళ్ళడం మాత్రం క్యాన్‌తో ఆగదు. దానికి స్పేసర్లు. ఊరికే ఉదాహరణకి, పాజిటివ్ గది 150 సీసీ, పూర్తి స్ట్రోక్‌కి 90 సీసీ నలుగుతుందనుకోండి. చివర మిగిలేది 60, అంటే ఒత్తిడి రెండున్నర రెట్లు. 20 సీసీ స్పేసర్ వేస్తే 130 నుంచి 40కి వస్తుంది, మూడుంబావు రెట్లు. అదే సాగ్ దగ్గర, 27 సీసీ నలిగినచోట చూడండి. స్పేసర్ లేకుండా 1.22, ఉంటే 1.26. మొదట్లో తేడా తెలియదు, చివర్లో 30 శాతం గట్టిపడుతుంది. గాలి పెంచితే మొదలూ చివరా రెండూ గట్టిపడతాయి, స్పేసర్ వేస్తే చివరే.

పాతషాకు

బాగా చెప్పావమ్మా. నేను ముప్ఫైసార్లు నోటితో చెప్పినా ఇంత తేలిగ్గా ఎవరికీ ఎక్కలేదు.

ఒక్కో స్పేసరే వేసి చూడు తమ్ముడూ. ఒకేసారి మూడు వేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

గుట్టదిగుడు

పది రోజుల తర్వాత వస్తున్నాను.

కొత్త క్యాన్ వేశాను. సీళ్ళకి సస్పెన్షన్ గ్రీజు, క్యాన్‌లో కొద్దిగా నూనె. పాతషాకు అన్న చెప్పినట్టు 50 చొప్పున నింపాను. 15 ఎంఎం సాగ్ రావడానికి 225 పీఎస్‌ఐ పట్టింది. రీబౌండ్ రెండు క్లిక్కులు బిగించాను.

మొదటి రైడ్: రాళ్ళ మీద చక్రం నేలని వదలట్లేదు, అంతే. ఇంకేం రాయాలో తెలియట్లేదు. కానీ గట్టు దగ్గర మూడుసార్లు అడుగు తగిలింది.

రెండో రైడ్, ఒక స్పేసర్: ఒకసారి తగిలింది, అదీ పెద్ద గట్టు దగ్గర.

మూడో రైడ్, రెండు స్పేసర్లు: అసలు తగల్లేదు, కానీ రింగు 44 ఎంఎం దగ్గరే ఆగింది. 6 ఎంఎం వాడనేలేదు. ఏది ఉంచుకోను?

రాళ్ళబాట

రెండు ఉంచుకో. అడుగు తగలకూడదు, అంతే.

పాతషాకు

నేను ఒకటే అంటాను. రోజంతా తొక్కితే ఒకటి రెండుసార్లు మెత్తగా అడుగు తగలాలి. కొన్న ట్రావెల్ వాడుకోకపోతే ఎందుకు మోయడం?

నేలబారు

దిగుడు పొడవు కూడా చూసుకోండి. క్యాన్ 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి వేడెక్కితే 200 పీఎస్‌ఐ కాస్తా 215 దాకా పోతుంది. పొడవాటి దిగుళ్ళు తొక్కేవాళ్ళకి చివర్లో షాక్ దానంతటదే కొంచెం గట్టిపడుతుంది. నేనైతే ఒకటే.

గుట్టదిగుడు

ఒకటే ఉంచాను. రాళ్ళబాట అన్నా, ఏమనుకోకు.

కానీ కొత్త తలనొప్పి. వెనకనుంచి టక్ టక్ అని చిన్న చప్పుడు, బ్రేక్ వేసినప్పుడు ఎక్కువ. క్యాన్ సరిగ్గా బిగించలేదా అని టెన్షన్‌గా ఉంది.

గాలిపంపు

బైక్ నిలబెట్టి, ఒక చేత్తో సీటు పట్టుకుని చక్రం నేల వదలకుండా కొద్దిగా పైకి లేపు, వదులు. రెండో చేతి వేళ్ళు షాక్ కన్నూ బోల్టూ కలిసేచోట పెట్టు. అక్కడ ఆట తెలిస్తే బుషింగ్ (కన్నులో ఉండే చిన్న గొట్టం) అరిగింది. ఇన్నాళ్ళూ షాక్ మొరాయించబట్టి దాని చప్పుడు వినపడలేదు, అంతే.

గుట్టదిగుడు

వేళ్ళకి తెలిసింది. ముందువైపు కన్ను. బుషింగ్ తీసి చూస్తే ఒకవైపు పూత మొత్తం పోయి లోహం కనిపిస్తోంది. కొత్తది కొనాలంటే ఏం కొలవాలి?

పాతషాకు

మూడు కొలతలు. కన్ను లోపలి వ్యాసం, బోల్టు మందం (ఎక్కువగా 8 లేదా 10 ఎంఎం), ఫ్రేము రెండు చెక్కల మధ్య వెడల్పు. వెడల్పు కాలిపర్‌తో కొలువు, టేపుతో వద్దు. అర ఎంఎం తేడా వచ్చినా ఆట అలాగే ఉంటుంది.

బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడు. ఎంత బిగించాలో ఫ్రేము కంపెనీ వాళ్ళ కాగితంలో ఉంటుంది, అదే చూడు.

గుట్టదిగుడు

బుషింగ్ మార్చాను, చప్పుడు పోయింది. 210×55 షాక్ ఇంకెవరో కొనుక్కున్నారట, పోనీలే.

రెండోగేరు

అందరికీ ఒక విన్నపం, నవ్వకూడదు. ఇదంతా చదివి ఇవాళ వెళ్ళి చూసుకుంటే నా లివర్ కూడా మధ్యలోనే ఉంది.